పాటిదిబ్బలో మిగిలిన సగం

జూన్ 11
మిరప చేను చివర, వాగు ఒడ్డున ఉన్న పాటిదిబ్బను తవ్వించాలని మా ఆయన పట్టు. ఎరువుల మీద ఎరువులు పోసి నేల గొడ్డుపోయింది, పాటిమన్ను తోలితే తప్ప కోలుకోదట. ఏ కాలంలోనో పశువులు కాసుకుని బతికినవాళ్లు పేడా బూడిదా పోసీ పోసీ ఎత్తైన దిబ్బ అది... కిందటేడే ఆరో తరగతికి చెప్పాను - పాతకాలపు మనుషులు అడవులు కాల్చి నేలను ఎలా మార్చుకున్నారో.

అలాంటి పాత గుర్తును చెరపడమెందుకు అన్నాను. "అది మనకేపాటి?" అన్నారు. పాటిదిబ్బను పట్టుకుని ఏపాటి అంటారేమిటి అన్నాను. నవ్వేశారు. నా మాట ఆ నవ్వులోనే పోయింది.

జూన్ 14
సరే అన్నాను.

జూన్ 19
పొక్లెయిన్ వచ్చింది. బూడిదరంగు మన్ను, నల్లటి కుండపెంకులు. ఒకచోట గట్టిపడిన నేల మీద పశువుల గిట్టల గుర్తులు, వాటి పక్కన చిన్నవి. అత్తయ్య వంగి వేలు పెట్టి చూశారు.

"దూడ తల్లి పక్కనే నడిచిందే, చూడు."

ఆపమని ఆమె అనలేదు. నేనూ అనలేదు. అంతలో యంత్రం మళ్లీ దిగింది.

జులై 3
సగం దిబ్బ చేలో పరిచారు. మిగతాది వచ్చే ఏటికి. తొలకరికి నేల వాసనే మారింది. నాకూ సంతోషంగానే ఉంది, దాచుకోవడమెందుకు.

సెప్టెంబర్ 20
మిరప మొక్కలు నల్లగా, ఏపుగా. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి పోతున్నారు. ఆయన నడకే వేరు.

అక్టోబర్ 8
ముసురు. వాగు పొంగింది. ఎప్పుడూ దిబ్బకు కొట్టుకుని పక్కకు తిరిగిపోయే నీళ్లు తవ్విన గండిలోంచి నేరుగా చేలోకి... పరిచిన మన్ను చాలావరకు పోయింది. అత్తయ్య గట్టు మీద నిలబడి, "ఆళ్లు పోసుకున్న దిబ్బే ఇన్నాళ్లూ మనల్ని కాసిందని ఎవరమనుకున్నాం," అన్నారు.

వాళ్లు వాగు దారిని కూడా మార్చారన్నమాట. పాఠం చెప్పేదాన్ని నేనే, నాకే తట్టలేదు. ఏడుపొస్తోంది.

అక్టోబర్ 10
చేతులు కాలాక ఆకులు. బడికి వెళ్లలేదు.

అక్టోబర్ 13
నీళ్లు తీశాయి. వేళ్లు బయటపడి మొక్కలు వాడిపోతున్నాయి. బతకాలంటే మొదళ్లకు మంచి మన్ను ఎగదోయాలి. దగ్గర్లో ఉన్నది మిగిలిన సగం దిబ్బే. తీస్తే ఇక వాగుకు అడ్డమంటూ ఉండదు. తియ్యకపోతే ఈ ఏడు పంట లేదు. వినుకొండ వైపు మళ్లీ మబ్బు పడుతోంది.

జూన్‌లో నవ్వేసిన మనిషి ఇవాళ భోజనాల దగ్గర, "ట్రాక్టరు రమ్మనాలా వద్దా, నువ్వే చెప్పు సుజాతా," అన్నారు. ఆ మాట అప్పుడే అడిగి ఉంటే... అడిగినా నేనేం చెప్పేదాన్నో.

ఆయన కంచం ముందు నుంచి లేవలేదు. నా మాట కోసం ఎడమ చేతిలో ఫోను అలాగే పట్టుకుని ఉన్నారు.