రెండూ ఎడమ చేతులే

అక్కా,

నువ్వు కళ్లజోడు పెట్టుకుని, కుర్చీలో కూర్చుని మరీ చదవాల్సిన ఉత్తరం ఇది. ఫోన్‌లో చెబితే మధ్యలో అడ్డుపడి "ముందు తిన్నావా" అంటావు. అందుకే రాస్తున్నాను.

ఈ నెలాఖరుకి నా గది ఖాళీ చేస్తున్నాను. కళ్లద్దాల షాపు మీది ఆ గది, ఎదురెదురుగా రెండు కుర్చీలు, తలుపు మీద 'లైఫ్ కోచ్' అన్న బోర్డు, అన్నీ. ఇంటాయనకి చెప్పేశాను కూడా. అమ్మ నీకు వదిలిన టైలరింగ్ షాపులో నీ పక్కన నాకో స్టూలు వేయి. కత్తెర ముట్టుకోనులే. గుండీలు కుడతాను, కాజాలు కుడతాను, వచ్చినవాళ్లకి కబుర్లు చెబుతాను. కబుర్లు చెప్పడం ఎలాగూ నా వృత్తే కదా.

ఎందుకో చెప్పాలి. నా దగ్గరికి ఒక బస్సు డ్రైవరమ్మ వస్తోంది. పదిహేనేళ్లు బస్సు నడిపిన మనిషి. రెండు నెలల కిందట డిపో గేటుకి బస్సు పక్కభాగం గీసుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఆమెకే అయింది. అప్పటినుంచి స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయట. వచ్చే బుధవారం డిపోలో మళ్లీ నడిపి చూపించాలి, లేకపోతే టికెట్ల కౌంటర్లో కూర్చోబెడతారు. నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ నేనిచ్చే పని ఒకటుంది. తమని తాము తిట్టుకునే మాటలన్నీ వారం రోజులు ఒక పుస్తకంలో రాసుకోవాలి. తర్వాత ఎదురుగా కూర్చున్న నన్ను చూస్తూ, నన్నే అంటున్నట్టుగా పైకి చదవాలి. ఎవరూ చదవలేరక్కా. పరాయి మనిషిని అనలేని మాటలు మనల్ని మనం రోజూ అనుకుంటున్నామని అప్పుడు తెలుస్తుంది.

డ్రైవరమ్మ పుస్తకం తెరిచింది, మూసింది. "ఇవన్నీ మిమ్మల్ని అనాలా? మీరేం పాపం చేశారమ్మా!" అంది. నేను లోపల మురిసిపోతున్నాను. అంతలోనే, "మరి మీ పుస్తకమేదీ?" అంది.

"ఇంట్లో ఉంది" అన్నాను. పచ్చి అబద్ధం. పదకొండేళ్లుగా ఊరందరి చేత రాయించాను కానీ నేను ఒక్క పేజీ రాయలేదు.

ఆ సిగ్గుతో వారం రోజులు రాశాను. తీరా చూస్తే పేజీల నిండా ఒకటే మాట. "నువ్వు చెయ్యిపెడితే పాడవ్వాల్సిందే." అదీ నీ గొంతుతో. గుర్తుందా? నాకు పదేళ్లు, నీకు పదహారు. హెడ్మిస్ట్రెస్ గారి కోటు. నమూనా కాగితం పరిచి కోటు చేతులు సుద్దతో గీసింది నేను, కత్తిరించింది నువ్వు. చివరికి చూస్తే రెండూ ఎడమ చేతులే. మళ్లీ దొరకని గుడ్డ. అమ్మ ముందు నువ్వా మాట అన్నావు. ఆ రోజునుంచి అమ్మ నా చేతికి కత్తెర ఇవ్వలేదు.

నేనే తప్పు గీసి ఉంటాను, నీ మీద కోపం లేదు. కానీ ఎవరైనా నా ముందు కూర్చుని ఏడుస్తుంటే, ఈ మనిషిని కూడా పాడుచేస్తానేమోనని ఇన్నాళ్లూ లోపల వణుకుతూనే ఉన్నాను. ఇలాంటిదాన్ని నేను ఒకరికి ధైర్యం చెప్పడమేమిటి? బుధవారం బస్సులో తన వెనక కూర్చోమని డ్రైవరమ్మ అడిగింది. వెళ్లను. నేనెక్కితే ఆ బస్సు నేరుగా గేటుకే గుద్దుకుంటుంది.

నీ చెల్లి


చెల్లీ,

స్టూలు లేదు. ఉన్న ఒక్క స్టూలు మీద కాజాలావిడ కూర్చుంది, ఆవిడ లేవదు.

నువ్వు చెప్పినట్టు కూర్చునే చదివాను. చదివాక రెండు రోజులు మిషను ముట్టుకోలేదు. నువ్వు తప్పు గీయలేదే. ఒక చెయ్యి గీశాక, కాగితం తిరగేసి రెండోది గీశావు. అలాగే గీయాలి, అప్పుడే ఒకటి ఎడమది, ఒకటి కుడిది వస్తుంది. నువ్వు దారం కొనడానికి వెళ్లావు. నేను వచ్చి చూసి, ఇదేమిటి తిరగబడింది అనుకుని, నీ గీత తుడిచేశాను. కాగితం తిరగేయకుండా మళ్లీ గీసి కత్తిరించేశాను. అమ్మ అడిగేసరికి నోటికొచ్చిన అబద్ధం ఆడాను. తర్వాత చెబుదామనుకున్నాను. ఆ తర్వాత నువ్వు మర్చిపోయావనుకున్నాను. అలా అనుకుంటే నాకు హాయిగా ఉండేది.

ఆ కోటు చెయ్యి ఒకటి ఇప్పటికీ నా డబ్బాలో అడుగునుంది, పారేయడానికి మనసొప్పలేదు. తిట్టాలనుంటే తిట్టు. గది మాత్రం ఖాళీ చేయకు.

అక్క


అక్కా,

నీ ఉత్తరం గురువారం అందింది. గురువారం, గుర్తుపెట్టుకో.

బుధవారం పొద్దున కాఫీ గ్లాసు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వెళ్లకపోతే డ్రైవరమ్మకి చెప్పినవన్నీ ఉత్త మాటలవుతాయి, వెళితే మహా అయితే ఒక గేటు పోతుంది అనుకుని లేచాను. ఆమె అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది. "ఆ రోజు అబద్ధం చెప్పాను, అప్పుడు పుస్తకం లేదు, ఇప్పుడుంది" అని చేతికిచ్చాను. చదివి నాకే తిరిగిచ్చింది. "ఏదీ, నన్ననండి చూద్దాం" అంది. "నువ్వు చెయ్యిపెడితే" వరకు అన్నాను. ఆమె చేతులు స్టీరింగ్ మీద వణుకుతున్నాయి. ఆ మనిషిని ఆ మాట ఎలా అనను?

"అనలేను" అన్నాను.

"మరి మిమ్మల్ని మీరెందుకంటున్నారు?" అంది. నా మందు నాకే పోసింది తల్లి!

వెనక సీట్లో కూర్చున్నాను. పరీక్షించడానికొచ్చిన సూపర్‌వైజర్ నా పక్కన ఆవులిస్తున్నాడు. గేటు దగ్గరికొచ్చేసరికి ఆ మాట మళ్లీ వినిపించింది. పొమ్మంటే పోలేదు. "సరే, ఉంటే ఉండు, నేను దిగను" అని మనసులోనే దానితో అన్నాను. డ్రైవరమ్మ చేతుల వణుకు ఆగలేదు. వణుకుతూనే తిప్పింది. అటూ ఇటూ జానెడు ఖాళీతో బస్సు గేటు దాటింది. నేను దిగి తిన్నగా ఇంటాయన దగ్గరికెళ్లి, గది ఖాళీ చేయడం లేదని చెప్పాను.

మర్నాడు నీ ఉత్తరం. ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లక్కా! ఉండచుట్టి మూలకి విసిరాను. గంట తర్వాత తీసి, సాపుచేసి, మళ్లీ చదివి ఏడ్చాను. నువ్వూ పదహారేళ్ల పిల్లవి, అమ్మంటే హడలిపోయేదానివి. అయినా క్షమించడానికి నాకు కొంతకాలం పడుతుంది, పట్టనీ. ఒకటి మాత్రం తెలుసుకో. ఆ తప్పు నాదేనని నమ్ముతూనే నేను బుధవారం ఆ బస్సెక్కాను.

ఆదివారం వస్తున్నాను. స్టూలు అక్కర్లేదు, నిలబడే చేస్తాను. కోటు గుడ్డ, సుద్ద సిద్ధంగా పెట్టు. గీసేదీ నేనే, కత్తిరించేదీ నేనే. పాడైతే ఈసారి అచ్చంగా నేనే పాడుచేసినట్టు. కత్తెర మాత్రం నువ్వే తెచ్చి నా చేతిలో పెట్టాలి.

నీ చెల్లి