అందించిన మాట

తాండూరు,
13 ఫిబ్రవరి 1962

బిడ్డ గోవిందమ్మకు, బాపు రాస్తున్నది.

మీ అమ్మ పోయిన రోజు ఎట్లా గడిచిందో నీకు సరిగ్గా చెప్పలేదు. పొద్దున రెండు గుక్కల జొన్న గటక తాగింది. మధ్యాహ్నం ఆయాసం ఎక్కువైంది. డాక్టరు వచ్చి సూది వేసి, దగ్గరే ఉండమన్నాడు. నాలుగు గంటలకు నా చేయి పట్టుకొని "బిడ్డను ర..." అన్నది. ఆగింది.

నేను ఎదురుచూశాను. మా బడి నాటకాలకు పదిహేనేళ్లు పక్క తెర వెనుక నిలబడి మాటలు అందించిన మనిషి ఆమె. నటుడు ఆగితే అది విరామమో, మరుపో కళ్లు చూసి చెప్పేది. నాకు ఆ విద్య లేదు. విరామమే అనుకున్నాను. కాసేపటికి "రమ్మనాల్నా, జంగమ్మా?" అని అడిగాను. అప్పటికే పోయింది.

నువ్వు నాటక సమాజంలో చేరిన రోజు ఆమె అన్నది మనిద్దరికీ గుర్తుంది. "నేను తెర ఎనక ఉన్న. ఎవ్వరికి కనబడలె. నువ్వు మొకానికి రంగేసుకొని ముందట నిలబడ్తవా? పో. మల్ల గీ గడప తొక్కకు." రెండేళ్లు తొక్కలేదు నువ్వు. ఆమె పోయిన మూడోనాడు వచ్చి కూడా బయటే నిలబడి, "బాపూ, అమ్మ ఏమన్నది?" అని అడిగావు. "బిడ్డను రమ్మను అన్నది" అన్నాను. లోపలికి వచ్చావు.

నిన్న నీ ఉత్తరం అందింది. ప్రతి ఆటకు ముందు ఆ మాటే తలచుకొని తెర ముందుకు పోతున్నానని రాశావు.

ఈ రోజు పిల్లలకు నాటకం మాటలు చెప్పాలని పాత నోటుబుక్కు తీశాను. ప్రవేశం, నిష్క్రమణ, స్వగతం. అర్థాలు నేను చెబుతుంటే ఆమె రాసినవి. 'ప్రాంప్టింగ్' దగ్గర నా అర్థం కింద తన మాట ఒకటి చేర్చింది. "మరిచింది అందియ్యాలె. మన మాట కలపొద్దు." ఇన్నేళ్లలో నేను చూడలేదు. చదవబోయి ఆగిపోయాను. ముందు బెంచీలో షరీఫా, "సారు మరిచిన్రు! అందియ్యాల్నా, సార్?" అన్నది. క్లాసంతా నవ్వింది.

బిడ్డా, మీ అమ్మ 'రమ్మను' అనలేదు. 'రమ్మను' అనబోయిందో, 'రానియ్యకు' అనబోయిందో తెలియదు. ఆ అక్షరం హ్రస్వమో దీర్ఘమో నాకు వినబడలేదు. పైన 'ర...' అని హ్రస్వం రాసింది కూడా నేనే. మిగిలింది నేను అందించాను.

ఇది తెలిస్తే మళ్లీ మన గడప తొక్కవేమో. అయినా నా మాట మీద ఆమె పేరు పెట్టి నిన్ను నిలబెట్టలేను.

మా ఉర్దూ సారు అజమత్ ఈ సాయంత్రం మీ వికారాబాద్ వస్తున్నాడు. ఉత్తరం ఆయన చేతికిస్తున్నాను. రేపు పొద్దున మొదటి బండికి నేను వస్తాను. ఆ నోటుబుక్కు తెస్తాను. నువ్వు నోరు విప్పేదాకా నీ గడప బయటే నిలబడతాను. సగంలో ఆగినా సరే, అందించను.

మీ బాపు,
బీరన్న