మడతకు కుదరని ఎండ్రకాయలు

భైంసా, సెప్టెంబర్ 3
బాపమ్మకు దండాలు.
ఫోన్‌లో అక్షరదోషాలు దిద్దడం కుదరదంటావు కాబట్టి ఉత్తరం రాస్తున్నా. ఇరవై ఒకటిన బడిలో ఉపన్యాసాలు. జంతువుల ఒంట్లో కుడి ఎడమలు ఎందుకు ఒక్కతీరుగా ఉండవో చెప్పాలి. బయట రెండు వైపులూ సమానంగా ఉంటేనే నేరుగా నడుస్తామట. లోపల ఆ అవసరం లేదు కాబట్టి, పెట్టెలో బట్టలు సర్దినట్టు గుండె ఎడమకు, కాలేయం కుడికి సర్దుకున్నాయని దశరథం సార్ చెప్పారు. ఇంకెవరూ తేని ఉదాహరణ తెస్తేనే మైకు ఇస్తారు. ఒకటి వెతికిపెట్టు.
నీ మనవరాలు జమున
తా.క. నత్త గుల్లను ఇప్పటికే నలుగురు రాయించుకున్నారు.

మంథని, సెప్టెంబర్ 7
చి. జమునకు ఆశీస్సులు.
నీ ఉత్తరంలో దోషాలు రెండు. విషయం మూడోది. చేనేత సంఘంలో ముప్పై ఒక్క ఏళ్లు చీరెలు తనిఖీ చేశాను. నడుమకు మడిచి అంచు మీద అంచు పెట్టేదాన్ని. కుదరకపోతే వాపస్. చీరెకే ఇంత జాగ్రత్త అయితే, ప్రాణం పోసినవాడికి ఉండదా? ఆ తప్పు మాట నువ్వు మైకులో చెప్పడానికి ఒప్పుకోను.
ఇట్లు, దేవవ్వ
తా.క. నత్త సంగతి నాకు తెలుసు. అది నేత లోపం.

భైంసా, సెప్టెంబర్ 10
బాపమ్మా, దండం.
నీ ఉత్తరం చూసి సార్ నవ్వారు. మన పొలంలో మగ ఎండ్రకాయను చూడమన్నారు. దాని కత్తెర కాళ్లలో ఒకటి పెద్దదట. పెద్దదానితో గుల్ల పగలగొట్టి, చిన్నదానితో తునకలు ఏరుకుని తింటుందట.
జమున
తా.క. ఈ మాట వెనకనుంచి విని మా తరగతి మమతారాణి ఎండ్రకాయను రాయించుకుంది. నాకు ఏమీ మిగల్లేదు.

మంథని, సెప్టెంబర్ 13
జమునా,
మన పొలం చేసే పరశురాములుతో ఎండ్రకాయ తెప్పించాను. ఒక కాలు పెద్దది. వాపస్ పంపి మంచిది తెమ్మన్నాను. అదీ అంతే. మొత్తం పదకొండు తెచ్చాడు: ఎనిమిదింటికి కుడిది పెద్దది, మూడింటికి ఎడమది. మంచివన్నీ తాను కూర వండుకుని, నాకు రద్దు సరుకు తెస్తున్నాడని అడిగేశాను. "అవ్వా, గివి ఎండ్రకాయలు, చీరెలు కావు" అని ఇంట్లోనే బుట్ట బోర్లించి వెళ్లిపోయాడు.
ఉపన్యాసాల్లోంచి నీ పేరు కొట్టేయమని మీ హెడ్మాస్టరుకు రాశాను.
దేవవ్వ
తా.క. తొమ్మిదే దొరికాయి. మంచం మీంచి కాళ్లు దించకుండా రాస్తున్నా.

భైంసా, సెప్టెంబర్ 16
బాపమ్మకు,
నా పేరు కొట్టేశారు.
జమున
తా.క. నేను ఏడవలేదు. కాగితం మీద పడ్డది వాన.

సెప్టెంబర్ 21
చి. జమునకు,
కంటి ఆపరేషన్‌కు ముందు కరీంనగర్‌లో నా ఛాతీకి ఎక్స్‌రే తీశారు. గుండె కుడివైపు కనిపించింది. పటం తిరగేసి పట్టుకున్నారని డాక్టరమ్మకు చెప్పాను. ఆమె వినకపోతే, అంచులు చూద్దామని నడుమకు మడిచాను. పుటుక్కుమంది. మళ్లీ తీశారు. మళ్లీ కుడివైపే.
"అవ్వా, పటం మంచిగనే ఉన్నది. నీ గుండెనే కుడిదిక్కున్నది, కాలేయం ఎడమకున్నది. లోపల అన్నీ అద్దంల చూసినట్టున్నయి. డెబ్బై రెండేండ్లు ఆగకుంట నడిచింది, ఫికర్ జెయ్యకు" అంది. వేలమందిలో ఒకరికి ఇలా ఉంటుందట.
కాబట్టి రెండు వైపులూ సమానమన్న నా మాట తప్పు. అందరికీ గుండె ఎడమకే అనుకుంటే మీ సార్‌దీ తప్పే. నీ పేరు మళ్లీ ఎక్కించమని హెడ్మాస్టరుకు ఇంకో ఉత్తరం జతచేశాను. ఉదాహరణ కింద నా పేరు రాయించుకో. మమతారాణికి దొరకదు.
నీ బాపమ్మ దేవవ్వ
తా.క. దీన్ని టపాలో వేయలేదు. ఎక్స్‌రే పట్టుకుని మీ బడి గేటు దగ్గర నిలబడి ఉన్నా. కాపలా ఆయన నన్ను లోపలికి రానివ్వడం లేదు, ఈ ఉత్తరం మాత్రం నీకు అందిస్తానన్నాడు. ఉదాహరణ వచ్చిందని దశరథం సార్‌తో చెప్పు.