ఉస్ అన్న శబ్దం

బిట్రగుంట,
శనివారం.

ప్రియమిత్రుడు గంగులయ్యకు, మదార్ మనసారా కౌగిలించుకొని వ్రాయునది.

మొన్న బుధవారం మా ఇంట నలభయ్యో నాటి స్నానం. బాలింత అన్నాళ్ళు లోపలి గదిలో ఉండి, తలంటుకొని, బిడ్డను ఎత్తుకొని తొలిసారిగా వాకిట అడుగుపెట్టే దినం అది. అంతవరకు తల్లి ఒక్కతెకే చెందిన ప్రాణి ఆనాటి నుంచి ఎండకూ గాలికీ ఇరుగుపొరుగుకూ చెందుతుంది. అందుకే దానిని శుభదినమంటారు. లోకం ఈ పసివాడిని ఏమి చేస్తుందో అన్న భయం పుట్టేది కూడా ఆనాడే. ఆ రెండవ అర్థం ఇన్నేళ్ళ చదువులో నాకు తెలియలేదు. మొన్న తెలిసింది.

నీకు వినికిడి తగ్గి ఫోను మానుకున్నావు కనుక, పులికాట్ ఒడ్డున నీ కూతురి ఇంట ఈ ఉత్తరాన్ని నీ మనుమరాలు సుభాషిణి చదివి వినిపిస్తుందని వ్రాస్తున్నాను. చిట్టితల్లీ, కొంచెం గట్టిగా చదువు.

మా షాహిస్తా పురిటికి వచ్చి ఉన్నదని నీకు తెలుసు. మనుమడికి ముబీన్ అని పేరు పెట్టుకున్నాం. బుధవారం ఉదయం స్నానం ముగిసింది. మా ఆవిడ షాజాదీ బేగం వాకిట ఎండలో పీట వేసుకొని, బిడ్డను తెల్లని పాత వల్లెవాటులో చుట్టి పాదాల మీద కూర్చోబెట్టుకున్నది. ఉచ్చ పోయించడానికి అందరు అమ్మమ్మల లాగే "ఉస్స్... ఉస్స్..." అంటున్నది. అల్లుడు తహీర్ ఫోటో తీస్తున్నాడు. నేను నవ్వుతున్నాను. అంతలో, మూడేళ్ళ క్రితం నీ రొయ్యల గుంటల దగ్గర నుంచి నీవు నా ఒడిలో పెట్టి పంపిన మా కుక్క బెల్లం, ప్రహరీ మూల నుంచి లేచి బాణం వలె వచ్చి బిడ్డ మీదికి దూకింది.

షాజాదీ ముందుకు వంగి బిడ్డను కడుపులో దాచుకున్నది. కోరలు ఆమె ముంజేతిలో దిగినాయి. నేను చేతికర్ర ఎక్కడ పెట్టానో మరచిపోయి, గొంతు రాక నిలబడిపోయాను. షాహిస్తా "బెల్లం!" అని ఒక్క కేక పెట్టింది. కుక్క వెంటనే వదిలి, నీళ్ళ తొట్టి వెనక్కి పాక్కుంటూ పోయి ముడుచుకున్నది. బిడ్డకు గోరు కూడా తగలలేదు. షాజాదీకి కావలిలో కుట్లు వేసి, సూదిమందులు మొదలుపెట్టారు.

పొరుగున ఉండే, రైల్వేలో పనిచేసి రిటైరైన చెంగయ్య సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "నేను మొదటే చెప్తిని కదా పంతులుగారా! అది జాతి కుక్క. దానమ్మ గుంటల కాడ ఇద్దర్ని పీకింది. దాని అబ్బ మెడ జూస్తే దున్నపోతే. ఆ నెత్తురు యాడికి బోద్ది? మీరు పద్యాలు చదివితే మారద్దా?" అన్నాడు. నేను, "నిజమే చెంగయ్యా! రక్తంలో ఉన్నదాన్ని ఎంత అన్నం పెట్టినా మార్చలేము" అన్నాను.

తలుపు దగ్గర షాహిస్తా నిలబడి ఉన్నది. తల్లి చేతికి కట్టే గుడ్డ ఆమె చేతిలో ఉన్నది. కోపంగా అనలేదు. సందేహం అడిగే విద్యార్థి వలె అడిగింది. "నాయనా, మరి నాది ఎవరి రక్తం?"

నీకు తెలియనిది కాదు, సుభాషిణికి తెలియడానికి వ్రాస్తున్నాను. షాహిస్తాను మేము కనలేదు. దూరపు చుట్టం కూతురు. ఆమెను కన్నవాడు కోపం వస్తే చేతిలో ఏమున్నదో చూసుకొనే మనిషి కాడు. ఆ చేతి దెబ్బలకు తాళలేక తల్లి చంటిపిల్లతో మా గడప ఎక్కింది. జబ్బుచేసి మా ఇంటనే కన్నుమూసింది. పిల్ల మాకు మిగిలింది. మాకు మిగలడమేమిటి, మేమే ఆమెకు మిగిలాము.

షాహిస్తా, ఆ ప్రశ్న అడిగిన మర్నాడు ఉదయమే బిడ్డను తీసుకొని భర్తతో నాయుడుపేట వెళ్ళిపోయింది. "అత్తయ్య రమ్మంటాంది" అన్నది. నేను నమ్మినట్లు తల ఊపాను.

పశువైద్యురాలు ప్రేమలీల గారు వచ్చి, కరిచిన కుక్కను పది దినాలు కట్టివేసి గమనించాలన్నారు. ఆ గడువు తీరగానే దానికి శాశ్వతమైన నిద్ర ఇవ్వమని అడిగాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు, కాదనలేదు. గంగులయ్యా, దాని తల్లి ఎటువంటిది, తండ్రి ఎటువంటిది, తోడబుట్టినవి ఏమైనాయి, దాచకుండా వ్రాయించు. చెడు దాని రక్తంలోనే ఉంటే నేను వెనుకాడను. కానీ ఆ మాట నిజమైతే నా బిడ్డకు ఏమని జవాబు చెప్పాలి? అబద్ధమైతే, ఆ పసివాడి మీదికి ఎందుకు దూకింది? ఈ రెండింటి నడుమ నాకు నమాజులో కూడా మనసు నిలవడం లేదు.

నీ
మదార్

*

పులికాట్ ఒడ్డు నుంచి,
బుధవారం.

(పంతులు తాతయ్యకు నమస్కారం. మా తాతయ్య చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. తిట్లు కొన్ని వదిలేశాను. సుభాషిణి.)

ఒరే మదారూ,

ముందు మా చెల్లెలు షాజాదీ చెయ్యి ఎట్లుందో రాయి. నాలుగు కాయితాలు రాసినావు, కుట్లు మానతా ఉండాయో లేదో ఒక్క ముక్క లేదు. పంతుళ్ళంతా ఇంతే.

నీకు అబద్ధం చెప్పను. దాని తల్లి ఇద్దర్ని కరిచింది నిజమే. ఒకడు రొయ్యలు ఎత్తకపోయేదానికి వలేసుకోని వచ్చినోడు. వాడికి పడాల్సిందే. రెండోవాడు పాపం కరెంటాయన. మీటరు చూసేదానికి వచ్చినాడు. తండ్రి ఎవరిదో టౌను కుక్క, రాట్‌వీలరో ఏందో అన్నారు. మెడ లావే, గుణం నాకు తెలీదు.

నాలుగు పిల్లల్ని పెట్టింది. ఒకటి నీ బెల్లం. ఒకటి మా ఊళ్ళో ఏసుమణి ఇంట్లో ఉండాది. పిల్లోళ్ళు దాని చెవులు పట్టుకోని లాగితే ఆవలించి ఇంకో పక్కకి తిరుక్కుంటాది. ఇంకోటి లారీ షెడ్డు కాడ గొలుసుతో కట్టేసి పెంచినారు, అన్నం పెట్టేవాణ్ణే కరిచింది. నాలుగోది నా కాడే ఉండాది. ఇది ఇంకా వింత. పడవ ఎక్కితే వొణుకుతాది, ఫ్లెమింగోలు లేస్తే నా కాళ్ళ సందులో దూరతాది. దీన్ని చూసి మా ఊరి పిల్లులు కూడా నవ్వతాయి. ఒకే కడుపున పుట్టినాయిరా నాలుగూ. నెత్తురు దేన్ని చేసిందో నువ్వే చెప్పు. పసిగా ఉన్నప్పుడు అన్నీ ఆ గుంటల గట్ల మీదే పెరిగినాయి. తెల్లారితే కొంగల మీద పడి తరమడమే వాటి పని.

అట్లని నేను ఇచ్చిన కుక్కని వెనకేసుకొస్తున్నా అనుకోబాకు. బిడ్డ కాడికి మాత్రం రానీబాకు. నెత్తురైతే ఏంది, ఏదైతే ఏంది, కోర కోరే.

ఇంకో మాట. షాహిస్తాకి ఏమని జవాబు చెప్పాలి అని నన్నడగతావేందిరా? అడిగింది ఆ పిల్ల. రాయాల్సింది ఆ పిల్లకి.

గంగులయ్య

*

బిట్రగుంట,
ఆదివారం.

నా తల్లి షాహిస్తాకు, నాయన దువా చేసి వ్రాయునది.

ఫోనులో నీవు "బాగున్నాం నాయనా" అంటావు, నేను "సంతోషం తల్లీ" అంటాను. ఆ రెండు మాటల కింద ఇద్దరమూ దాక్కుంటున్నాము. కాగితం మీద దాక్కోవడం నాకు చేతకాదు. అందుకని వ్రాస్తున్నాను.

అమ్మ చెయ్యి మానుతున్నది. ఆ చేతితోనే నిన్న చెంగయ్య కూతురి బిడ్డను ఎత్తుకున్నది. పలకరించడానికి వచ్చిన చెంగయ్య కూతురు, వెళ్ళబోతూ మన గడప పక్కన బిడ్డను పాదాల మీద నిలిపి "ఉస్స్... ఉస్స్..." అన్నది. పెరట్లో గొలుసు ఝల్లుమన్నది. నేను వెళ్ళి చూద్దును కదా, అంతవరకు నిద్రపోతున్న బెల్లం ముందుకాళ్ళు గాలిలోకి లేపి గొలుసును తెంచుకోబోతున్నది. బిడ్డ దానికి కనబడే చోట లేదు. అది గడప వైపు చూడటం లేదు తల్లీ. కొబ్బరిచెట్టు కొన కేసి, ఇంటి కప్పు కేసి, ఆకాశం కేసి చూస్తున్నది. కొంగల కోసం వెతుకుతున్నది.

నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు వ్యుత్పత్తులు చెప్పినవాణ్ణి. ఉసిగొల్పడం అన్న మాటను నల్లబల్ల మీద ఎన్నిసార్లు విడదీసి ఉంటాను! ఉస్ అని కుక్కను ఒకరి మీదికి కొల్పడం, పురికొల్పడం. ఆ ధ్వని నుంచే ఆ మాట పుట్టిందని చెప్పి, తరగతిలో ఉస్ ఉస్ అని పిల్లలను నవ్వించేవాణ్ణి. మన భాషలో పసిబిడ్డకు ఉచ్చ పోయించే శబ్దమూ, కుక్కను ఉసిగొల్పే శబ్దమూ ఒక్కటే. ఆ ఒక్క సంగతి నాకు ఆనాడు తట్టలేదు. బెల్లం గుంటల గట్టు మీద పసికూనగా ఉన్నప్పుడు ఎవరో ఉస్ అంటే తెల్లని కొంగల మీదికి దూకడం నేర్చుకున్నది. మన వాకిట అమ్మ ఉస్ అన్నది. ఎదురుగా తెల్లని వల్లెవాటు గాలికి రెపరెపలాడుతున్నది. చెప్పిన పని చేశాననుకున్నది. నీవు పేరు పెట్టి పిలువగానే వదిలింది.

సుభాషిణికి ఫోను చేసి గంగులయ్యను విచారించాను. గట్ల మీద కాపలావాళ్ళు కుక్కపిల్లలను అట్లాగే ఉసిగొల్పేవారని, అది అడగవలసిన సంగతే కాదన్నట్లు చెప్పించాడు. ఈ ఉదయం ప్రేమలీల గారు వచ్చినప్పుడు, గొలుసును గట్టిగా చుట్టి, నేనే మెల్లగా ఉస్ అని చూపించాను. ఆమె బెల్లాన్ని చూశారు, తరువాత నన్ను చూశారు. "అయితే ఇది జాతి గుణం కాదు కదమ్మా?" అని ఆశగా అడిగాను. ఆమె నవ్వారు.

"సార్, ఈ ప్రశ్న మీద మేం కాలేజీలో కూడా కొట్లాడుకున్నాం. పుట్టుకతో కొంత వస్తుంది సార్, రాదని చెప్పను. ఎంత తొందరగా లేస్తుంది, పట్టింది ఎంతసేపటికి వదులుతుంది, దేనికి బెదురుతుంది, వీటిలో తల్లీతండ్రుల వాటా ఉంటుంది. కానీ ఫలానా జాతి కాబట్టి ఈ కుక్క ఇలా చేస్తుంది అని జాతి పేరు చూసి చెప్పలేం. ఎలా పెరిగింది, ఏం నేర్పారు, కట్టేశారా, కొట్టారా, అన్నీ కలుస్తాయి. దీన్ని చంపమని మాత్రం నన్ను అడగొద్దు. అలాగని పసిబిడ్డ దగ్గర వదలనూ వద్దు."

నాకు ఛందస్సు గుర్తుకు వచ్చింది. పద్యాలలోనూ జాతులు ఉన్నాయి కదా. కందం ఒక జాతి. దాని గణాలూ దాని నడకా పుట్టుకతో వచ్చినవి, వాటిని ఎవరూ మార్చలేరు. కానీ ఆ కందంలోనే ఒకడు శాపం పెట్టగలడు, ఒకడు బిడ్డను నిద్రపుచ్చగలడు. ఇన్నాళ్ళు పద్యం చదివి ఆ మాత్రం తెలుసుకోలేక, అరుగు మీద కూర్చొని రక్తం గురించి తీర్పు చెప్పాను.

ఇక నీ ప్రశ్న. నీ నిఖా నాడు నీ పేరు పక్కన నిన్ను కన్నవాడి పేరే చదివించాను. పెంచినవాడు బిడ్డ వంశాన్ని చెరిపివేయరాదన్నది మన ధర్మం. ఆ పేరు వినబడినప్పుడు నీవు తల దించుకోవడం చూశాను, సిగ్గు అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తున్నది, నీవు భయపడ్డావు. నీలోనూ ఆ చెయ్యి ఉన్నదేమోనని, రేపు నీ బిడ్డ మీదికి లేస్తుందేమోనని. నీవు ఎవరితోనూ అనని ఆ భయాన్ని నేను నోటితో పలికి నిజమన్నాను.

అబద్ధంతో నిన్ను ఓదార్చను. ఆయన వేడి నీకు కొంత వచ్చింది తల్లీ. నేను చూశాను. పదో తరగతిలో నీ బొమ్మల పుస్తకాన్ని ఎవరో చింపితే ఊగిపోయావు. కానీ ఏం చేశావు? పెరట్లోకి పోయి ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తోమావు, తోమినవే మళ్ళీ తోమావు. అమ్మ "ఇంకొంచెం కోపం తెచ్చుకోవే, అటక మీది గంగాళాలు కూడా ఉండాయి" అన్నది. ఆయన రక్తం నీకు వేగం ఇచ్చి ఉండవచ్చు. ఆ వేగాన్ని ఎటు తిప్పాలో నీవు నేర్చుకున్నావు. నాది ఎవరి రక్తం అన్నావు. ఆయనదే. మరి ఆ స్నానం నాడు ఒక్క పిలుపుతో ఆ కోరలను విడిపించిన గొంతు ఎవరిది? నాకు గొంతే రాని వేళ అది పలికింది.

బెల్లం బతుకుతుంది. పెరటికి ఇనుప జాలీ తలుపు పెట్టిస్తున్నాను. ముబీన్ ఉన్నంతసేపు అది తలుపుకు అవతలే, మూతికి తొడుగుతో. దానిని నిర్దోషి అనడం లేదు. దాని తప్పు ఎంతో అంతే దాని మీద వేస్తున్నాను. ఉచ్చ పోయించడానికి వేరే శబ్దం నేర్చుకొమ్మని అమ్మతో అంటే, "ఈ వయసులో నాకు కొత్త పాఠమా? పోనీలే, సుర్ర్ అంటాను. దానికి కూడా ఏదన్నా అర్థం ఉంటే ఇప్పుడే చెప్పండి" అన్నది. నేను నిఘంటువు చూశాను. ఏ కుక్కకూ పనికిరాదు.

రేపు మొదటి బండికి నేనే నాయుడుపేట వస్తున్నాను. నిన్ను రమ్మని అడగడానికి కాదు; తలుపు దగ్గర నీవు అడిగిన ప్రశ్నకు నీ తలుపు దగ్గర నిలబడి జవాబు చెప్పడానికి. ఆ తరువాత వచ్చేదీ రానిదీ నీ ఇష్టం.

అంతవరకు, ముబీన్ చెవిలో ఈ ముసలివాడి మాటగా చెప్పు. నాన్నా, ముబీన్ అంటే విస్పష్టమైనది అని అర్థం. నీకు తాతలిచ్చిన రక్తంలో వేడి ఉంటే అది నీ చేతులకు పనిగా మారుగాక. నీ జాతి పేరు విని నిన్ను చూసి ఎవరూ భయపడకుందురుగాక, నీవు ఎవరినీ చూసి భయపడకుందువుగాక. నీవూ, నీ తరువాత పుట్టేవారూ, ఎవరి నోటి నుంచి ఏ ఉస్ అన్న శబ్దం వచ్చినా, లేచి దూకేముందు ఎదుట ఉన్నది కొంగో పసిబిడ్డో ఒక్క క్షణం ఆగి చూచెదరుగాక. మిమ్మల్ని ప్రేమించేవారు పేరు పెట్టి పిలిచినప్పుడు, ఆ పిలుపు మీకు ఎప్పుడూ వినబడుగాక.

మీ నాయన,
మదార్