పాట వెంట వచ్చే ఫొటో

తెనాలి,
మంగళవారం.

అమ్మకు జీవన్ కుమార్ నిండు వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ జ్వరాలూ జలుబులూ లేవు, వండుకున్నది అరుగుతోంది. కర్ర సాయంతో వరండా దాకా నడుస్తున్నావని రాశావు, చాలా సంతోషం. చర్చి దాకా మాత్రం అప్పుడే తొందరపడకు.

ఫోనుండగా ఈ ఉత్తరాలేంటని ఇక్కడందరూ నవ్వుతారు. టీచరు ఉద్యోగం నుంచి రిటైరైనా, చేతిరాత చూస్తేగాని నీకు మనిషిని చూసినట్టుండదు. పైగా కొన్ని మాటలు ఫోనులో ఎత్తితే పెట్టేస్తావు కూడా.

గుడ్ ఫ్రైడే ఆరాధన జరిగినంతసేపూ మన చర్చి ఇంటర్నెట్ రేడియో ఒక్కసారీ ఆగలేదని, జకరయ్య మామయ్య హార్మోనియం పక్కన కూర్చుని విన్నట్టుందని రాశావు. మామయ్యకు చదివి వినిపించాను. నీ తమ్ముడే కదా, ఇంకోసారి చదవమన్నాడు. పాటను కుదించకుండా పాడింది పాడినట్టే పంపాలని పట్టుబట్టింది ఆయనే మరి.

"ఇంతకీ అన్నాళ్లూ మధ్యలో ఎందుకు మూగబోయింది? దాని జబ్బేంటి?" అని అడిగావు. పుట్టినరోజుకో, జ్ఞాపకార్థమో ఎవరైనా పాట వేయిస్తే వినేవాళ్ల ఫోనులో కనపడేలా వాళ్లిచ్చిన ఫొటో కూడా ఆ పాటకు జతచేస్తాం కదా. పాట మొదలవగానే కంప్యూటరు ఆ ఫొటోను మెమరీలో పెట్టుకుంటుంది. మెమరీ అంటే దానికి వంటగట్టు అనుకో. పాట అయ్యాక గట్టు మీంచి తీసెయ్యాలి. అది తియ్యట్లేదు. ఫొటో మీద ఫొటో పేరుకుపోయి, చెయ్యి పెట్టే చోటు లేక నిలిచిపోయేది. ఆపి మళ్లీ మొదలుపెడితే గట్టు ఖాళీ అయి కొంతసేపు బాగుండేది. మట్టల ఆదివారం పాస్టరుగారి ప్రార్థన మధ్యలో ఆగేసరికి, గుడ్ ఫ్రైడేకీ ఇలాగే అయితే రేడియో మూసేద్దామన్నారు సంఘపెద్దలు.

"బాగుచేసిన అబ్బాయెవరో చెప్పు, వాడి పేర ప్రార్థన చేస్తాను" అని కూడా రాశావు. అబ్బాయి కాదమ్మా. నీ కోడలు సునీల.

కాగితం మడిచి పక్కన పెట్టకు, పూర్తిగా చదువు. చీరాల నేతవాళ్ల పిల్ల, మన చర్చి కాదని పెళ్లయిన దగ్గర్నుంచి నువ్వు తనతో మాట్లాడలేదు. నేనొక్కడినే రేపల్లె వచ్చి పోతున్నాను. ఈ సంగతి నీకు చెప్పేస్తానంటే తనే వద్దంది. "నా చెయ్యి పడిందని తెలిస్తే అత్తయ్యగారు వినడం మానేస్తారేమోనండి" అంది.

ఆ ఓపిక నువ్వు చూడాల్సింది. బాపట్ల కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పి, రైలు దిగి నేరుగా చర్చి గదికే వచ్చేది. ఫొటో ఉన్న పాటలు కొన్ని, లేనివి కొన్ని వేసి, మెమరీ దేనికి పెరుగుతోందో చూసేది. నేను విసుక్కుంటే, "పోగు తెగిందని బట్టంతా విప్పుకుంటామా? తెగిన చోటు దాకా వేళ్లతో తడుముకుంటూ రావాలండి" అనేది. జకరయ్య మామయ్యకు అంత ఓపికెక్కడిది! "ఆ ఫొటోలు పీకి పారెయ్యమ్మా, పీడా పోద్ది" అన్నాడు. గుడ్ ఫ్రైడే ముంచుకొస్తోంది, నాకూ అదే నయమనిపించింది.

సునీల ఒప్పుకోలేదు. "మామగారి జ్ఞాపకార్థం వేసే పాట పొద్దున్నే వస్తే, అత్తయ్యగారు ఫోను దగ్గరగా పెట్టుకుని ఆయన ఫొటో చూసుకుంటారని మీరే చెప్పారుగా. రేడియో బాగుపడి, ఆవిడకు ఆ ముఖం కనపడకపోతే ఏం లాభమండి?"

నాన్న కొడుకుని నేను, ఆ ఆలోచన నాకు రాలేదు. మర్నాడు తప్పు దొరికింది. పాట మారినప్పుడు పాత ఫొటోను వదిలెయ్యమని చెప్పే మాట ఆ ప్రోగ్రాములో లేనే లేదు. సునీల దాన్ని రాసింది, అంతే. గుడ్ ఫ్రైడే నాడు నువ్వు విన్నది అదే.

నాకెంత గర్వంగా ఉందో నీకు కాక ఎవరికి చెప్పుకోను? నా భార్య తెలివైందని నాకు ముందే తెలుసు. చూడనైనా చూడని అత్తగారి మీద ఇంత ప్రేమ ఉందని ఇప్పుడే తెలిసింది.

ఈ శనివారం రేపల్లె బండికి వస్తున్నాం. ఇద్దరం. సునీల భయపడుతూనే బయలుదేరుతోంది. గేటు నేను తీసుకుంటాను, తలుపు మాత్రం నువ్వే తియ్యాలి.

ఇట్లు,
నీ కొడుకు, సునీల భర్త
జీవన్ కుమార్