బల్బు వెలిగించని రియాక్టర్

యూనివర్సిటీ రియాక్టర్ గది,
బుధవారం.

నా మాట ఎన్నడూ పూర్తిగా వినని అన్నయ్య అన్సెల్మోకి,

ఫోన్ చేస్తే మాట మధ్యలోనే అందుకుంటావు. అందుకే ఉత్తరం. కాగితానికైతే అడ్డం రాలేవు కదా!

నీ కొడుకు ఫాబ్రిసియో ఇక్కడి పరీక్ష నెగ్గాడని నేను సంతకం పెట్టలేదు. పెట్టను కూడా. నా సంతకం లేకపోతే మీ అణు విద్యుత్ కేంద్రంలో వాడికి ఆపరేటర్ లైసెన్సు రాదని తెలియక కాదు. వాణ్ణి పురిట్లో ఎత్తుకున్నదాన్ని నేను. నిన్నటి నుంచి వదిన నాతో మాట్లాడటం మానేసింది. నువ్వేమో, అక్కడ శిక్షణాధికారివి కదాని, ఇకమీద మీ వాళ్లందరికీ మీ సిమ్యులేటర్ మీదే, ఆ ఉత్తుత్తి రియాక్టర్ మీదే శిక్షణ అని మా డీన్‌కి కబురు పెట్టావు. మీ వాళ్లు రాకపోతే ఆయన ఈ రియాక్టర్‌కి తాళం వేసేస్తాడు. ఎప్పుడెప్పుడా అని చూస్తున్నాడు. సొంత చెల్లెలి పొట్ట కొట్టడానికి నీకు చేతులెలా వచ్చాయి అన్నయ్యా?

ఆదివారం మీ పెరట్లో మాంసం కాలుస్తూ అందరి ముందూ ఏమన్నావు? "మా నెలిదా రియాక్టర్ ఒక్క బల్బు వెలిగించదు గానీ, పెత్తనం మాత్రం అర్జెంటీనా మొత్తం మీద!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి, ఉల్లిపాయలు తరిగే వంకతో ఏడ్చాను. అవును, వెలిగించదు. దాని వేడికి మాతే టీకి నీళ్లు కూడా కాగవు. కానీ మీ కేంద్రంలో బిగించే ప్రతి కొత్త రేడియేషన్ డిటెక్టరూ ముందు ఇక్కడికే పరీక్షకొస్తుంది. మీ కంట్రోల్ బోర్డు ముందు కూర్చునే ప్రతివాడూ, నీతో సహా, అసలు రియాక్టర్ మీద మొదటిసారి చెయ్యి వేసింది ఇక్కడే. ఆ సంగతి మాత్రం నీకు గుర్తుండదు.

పరీక్ష రోజు ఏం జరిగిందో విను. రియాక్టర్ జోరుని అదుపులో ఉంచే కడ్డీని కొంచెం పైకి లేపాలి, అంకెలు నిలకడ పడేదాకా ఆగాలి, మళ్లీ కొంచెం లేపాలి. పద్ధతంతా ఇంతే. నీ కొడుకు ఆగలేదు.

"నిలకడ పడనీరా" అన్నాను.

"సిమ్యులేటర్‌లో ఇంతసేపు పట్టదత్తా. ఇది కూడా నీలాగే ముసల్దైపోయింది" అని నవ్వుతూ మళ్లీ లేపాడు.

మీటరు ముల్లు ఒక్కసారిగా పైకి దూసుకుపోయింది. పొరపాటు అందరూ చేస్తారు, దానికి నేనెవర్నీ ఫెయిల్ చెయ్యలేదు. కడ్డీ దించితే సరిపోయేది. వాడు దించలేదు. రెండు చేతులూ బోర్డు మీంచి తీసేసి, వెనక్కి తిరిగి నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు! రియాక్టర్ దానంతటదే కడ్డీలు జారవిడిచి ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇలాంటి తప్పులు కాయడానికే దీన్ని ఇంత చిన్నగా కట్టారు.

"నా వైపు చూస్తావేంరా?" అన్నాను.

"నాన్నైతే ఈపాటికి ఆపేసేవాడు" అన్నాడు.

అర్థమైందా? మీ సిమ్యులేటర్‌లో ఏ తేడా వచ్చినా నువ్వు వెనకనుంచి మీట నొక్కి అంతా ఆపేస్తావు. పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్తావు. మంచి మాస్టారివే, కాదనను. కానీ అసలు రియాక్టర్‌కి ఆ మీట లేదు. రేపు మీ పెద్దదాని ముందు కూర్చుని వాడు ఎవరి మొహం చూస్తాడు?

సంతకం పెట్టను. తాళం వేయిస్తే వేయించు. తాళంచెవి నేనే తెచ్చి నీ చేతిలో పెడతాను.

కోపం చల్లారని నీ చెల్లెలు,
నెలిదా

*

విద్యుత్ కేంద్రం,
శనివారం.

నెలీ,

నీ ఉత్తరం చదివితే ఒళ్ళు మండింది. చించబోతే మీ వదిన లాక్కుంది. తనూ చదివి, "పరీక్ష వాడికి కాదు, ముందు నీకు పెట్టాలి" అంది.

నువ్వు చెప్పింది అబద్ధమని తేల్చాలని నిన్న మా వాళ్లని సిమ్యులేటర్ ముందు కూర్చోబెట్టాను. కుర్రాళ్లని కాదు, లైసెన్సు ఉన్నవాళ్లని, ఆరితేరినవాళ్లని. చెప్పాపెట్టకుండా, రియాక్టర్‌ని చల్లబరిచే నీళ్ల పంపు ఆగిపోయినట్టు చేశాను. మీట ముట్టుకోకుండా వెనకాల నిలబడ్డాను.

ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు నెలీ. మీటర్ల వైపు కాదు, నా మొహం వైపు. ఎర్మిందో అయితే, "ఆపండి సార్, ఎక్కడ తప్పు చేశానో చెప్పండి" అన్నాడు. వాడు ఇవాళ అసలు బోర్డు ముందు కూర్చోవాల్సినవాడు. కూర్చోనివ్వలేదు. వీళ్లందరినీ ఇలా తయారుచేసింది నేనే కదా!

డీన్‌కి ఫోన్ చేసి నా మాట వెనక్కి తీసుకున్నాను. ఫాబ్రిసియోతో పాటు అందరినీ సోమవారం బస్సెక్కిస్తున్నాను. అన్నయ్య మనుషులు కదా అని ఎవర్నీ చూసీచూడనట్టు వదిలెయ్యకు. బల్బు మాట అందరి ముందూ అన్నాను, అందరి ముందే వెనక్కి తీసుకుంటాను. ఈ ఉత్తరం ఫాబ్రిసియో చేతికే ఇచ్చి పంపుతున్నాను, రేపు భోజనానికి రా. ఉల్లిపాయలు నేను తరుగుతాను.

ఆ బస్సులో నేనూ వస్తున్నాను. బోర్డు ముందు మొదట నన్నే కూర్చోబెట్టు. నువ్వు మాత్రం నా వెనకాల నిలబడకు. తిరిగి చూడాలనిపిస్తుంది.

నీ అన్నయ్య,
అన్సెల్మో