కల్పన గీసిన మన ఇల్లు

అశోక్‌నగర్, హైదరాబాద్
ఆదివారం పొద్దున

అమ్మకు, నీ పెద్దబిడ్డ సరోజ దండం పెట్టి రాస్తున్న. నేనీడ పానం మంచిగనే ఉన్న. ఆడ మీరందరు సల్లగ ఉన్నరని అనుకుంటున్న. నాయిన దగ్గు తగ్గిందా? నూలుకు రంగులద్దేకాడ ఎక్కువసేపు నిలవడొద్దని చెప్పు. వినడు, అయిన చెప్పు. చెల్లె లెక్కలు చేస్తున్నదా, రేడియో వింటున్నదా? మేనత్త మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయి? ఈ ఉత్తరం నువ్వే కూడబలుక్కొని చదువుకో అమ్మా. చెల్లెతోని చదివియ్యకు, అది ఊరంత చాటుతది.

మంచిగున్న అన్నది పానం సంగతి. మనసు మంచిగ లేదు. నీ మీద కోపమొచ్చే ఇన్నొద్దులు రాయలే. ఎందుకు అంటవా? నీ పోయిన ఉత్తరం మళ్ల తీసి చదివిన. కల్పన మంచిగున్నదా, కల్పనకు జొన్నరొట్టె అంటే పానం గదా, కల్పనను మళ్ల తోలుకరా. ఉత్తరమంత నా క్లాసు దోస్తు కల్పన ముచ్చటనే! నా గురించి ఆఖర్ల "వేళకు తిను" అని ఒక్క ముక్క. పల్లికారం పంపితివి, దాంట్ల సగం ఆమెకియ్యమంటివి. నువ్వు కన్నది నన్నా, ఆమెనా? సరే, ఇయ్యమన్నవ్ గదా అని ఇచ్చిన. సగం కాదు, జర తక్కువనే ఇచ్చిన.

ఈడ ఎండలు మండుతున్నయి. నా రూముకు రేకుల కప్పు గదా, పగటిపూట పెనం మీద కూసున్నట్టే ఉంటది. అందుకే చిక్కడపల్లి లైబ్రరీకి పోతున్న. ఆడ ఫ్యాన్లుంటయి గానీ జాగ దొరకది. సర్కారు నౌకరీల పరీక్షలకు చదివేటోళ్లు పొద్దుగాల్నే వచ్చి కుర్చీల మీద సంచులు పెట్టి చాయ తాగనీకి పోతరు. ఓనరమ్మ మంచిదే, నీళ్లకాడ మాత్రం కయ్యానికొస్తది. మొన్న కందిపప్పుల చింతచిగురేసి ఒక గిన్నెడు పంపింది. తింటుంటే నువ్వు యాదికొచ్చి సగంల చెయ్యి కడుక్కున్న. పరేషాన్ గాకు, రాత్రికి మిగిలింది తిన్న.

ఇగ అసలు సంగతి. నేనేం చదువుతున్ననో నీకెప్పుడు సరింగ చెప్పలే. ఇండ్లు గీసుడే మా చదువు. నారాయణగూడల బస్సెక్కుతుంటే చేతుల పెద్ద పలక, గీతలు గీసే పొడుగు కట్టె ఉంటయి. కండక్టరు రోజు అదే మాటంటడు, "అమ్మా, తలుపు గూడ పీక్కొచ్చినవా ఏంది?" అని. ఈసారి సారు ఏం పని ఇచ్చిండంటే, ఇంట్లనే పని చేసుకొని బతికేటోళ్ల ఇల్లు ఒకటి సూసుకోవాలె. దాన్ని కొలిచి, వాళ్లకు ఇంకింత సౌలతుగ ఉండేటట్టు మార్చి గీయాలె. ఆఖరికి బయటినుంచి ఒక పెద్ద సారు వస్తడు. మనం గీసినయి గోడకు తగిలించి పక్కన నిలవడితే, అందరి ముందట ప్రశ్నలడుగుతడు. దాన్ని జ్యూరీ అంటరు. అన్నిట్ల మంచిది ఏదుంటే దాన్ని కాలేజి పెద్ద హాల్ల ఏడాదంత గోడకు పెడతరు. పోయినేడు అక్కడ నా బొమ్మలే ఉండె. ఈసారి గూడ నావే ఉండాలని ఎంత మొక్కుకున్ననో ఆ దేవునికి తెలుసు.

"మీ ఇంట్ల మగ్గం ఉన్నది గదమ్మా, అదే గీయరాదు" అని సారే అన్నడు. నేను వద్దన్న. గుంట మగ్గం, మట్టిగోడ గీసుకుంట కూసుంటే పేరెట్ల వస్తదని నారాయణగూడల ఒక డాక్టరుగారి ఇల్లు తీసుకున్న. కింద దవాఖాన, మీద ఇల్లు. పొరుగింటి పుల్లగూర రుచి అంటరు గదా. అప్పుడు కల్పన, "సరూ, నువ్వు గీయకుంటే మీ ఇల్లు నేను గీయనా?" అన్నది. బర్కత్‌పురల పుట్టి పెరిగిన పిల్ల, వాళ్ల నాయినకు బట్టల దుకాణం. ఈమెకేం తెలుస్తదిలే అని గీస్కోమన్న. అట్లనే సెలవులకు నా ఎంబడి మనూరికొచ్చింది. ఆమె టేపు పట్టుకొని నీ ఎనక తిరుగుతుంటే నేను మేనత్తోళ్లింట్ల ముచ్చట్లు పెట్టుకుంట కూసున్న. నీకు యాదికుంటది.

ఆమె గీసినయి మొదటిసారి చూపెట్టిన నాడు క్లాసంత ఆడనే మూగింది. మన మగ్గం అర్రల కిటికీ ఉన్నది గదా, నేలకు మూరెడు ఎత్తులనే? "ఇంత కిందికి ఎందుకున్నది?" అని సారు అడిగితే, "గుంటల కాళ్లు పెట్టి కూసుంటే నేసేటోళ్ల కండ్లు నేలకు దగ్గరుంటయి సార్, ఎలుతురు పడుగు మీద పడాలె" అని గడగడ చెప్పింది. సారు మెచ్చుకున్నడు. నా కడుపు భగ్గుమన్నది అమ్మా. నేను పుట్టినప్పటిసంది చూసిన కిటికీ అది! నా కిటికీకి ఆమెకు మెప్పు! ముందొచ్చిన చెవులకన్న ఎనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊకెనే అనలే. ఆ రోజు ఆమె టిఫిన్ డబ్బ తెరిచి "తీస్కోవే" అంటే ఆకలి లేదన్న. ఆకలి మస్తుండె.

అటెంక నాకు ఒకటి దొరికింది. కల్పన వంటిల్లు ఎనక్కి జరిపింది, పొగ రాకుండ చేసింది, నూలు తడవకుండ పెట్టుకోనీకి అల్మారాలు గీసింది. గానీ మగ్గం పక్కన, ఆ కిటికీ కింద, ఒక మూల ఉత్తగ ఇడిచిపెట్టింది. అంత ఇరుకు అర్రల చాపంత జాగ దండుగ! పెద్ద సారు దీన్ని పట్టుకోక మానడు అనుకొని సంబురపడ్డ. "సరూ, జర చూడవే, తప్పేమన్న ఉన్నదా?" అని ఆమెనే వచ్చి అడిగింది. "ఏం లేదు, అంత మంచిగున్నది" అన్న. అబద్ధం ఎందుకు, జ్యూరీ ఎప్పుడొస్తదా అని ఎదురుచూసిన.

ఆ రోజు రానే వచ్చింది. ముందు నా వంతు. పెద్ద సారు నా బొమ్మలు మంచిగనే చూసిండు, మెట్లకాడ ఆగిండు. "అమ్మా, నీ ప్లానులో మెట్లు బాగున్నాయి. కానీ పక్కనే ఉన్న నీ ఇంకో బొమ్మలో వాటి మీదుగా దూలం పోతోంది. ఎక్కేవాళ్ల తల నేరుగా దానికి తగులుతుంది" అన్నడు. చూస్తే నిజమే! ఒక బొమ్మల మెట్లు జరిపి, ఇంకో బొమ్మల దూలం జరుపుడు మరిచిపోయిన. ఆయన నవ్వి, "పోనీలే, కిందే దవాఖాన ఉంది, కట్టు కట్టించుకోవచ్చు" అన్నడు. అందరు పక్కున నవ్విండ్రు. కల్పన ఒక్కతే నవ్వలే. అదింకా మండింది నాకు.

తర్వాత ఆమె వంతు. నేను అనుకున్నట్టే పెద్ద సారు వేలు పోయి ఆ మూల మీదనే ఆగింది. "అన్నీ ఇంత పొదుపుగా సర్దావు, ఈ మూల ఎందుకు వదిలేశావమ్మా? నూలు అల్మారా ఇక్కడ పెడితే చేతికి అందేది కదా?" అన్నడు. దొరికింది బిడ్డ అనుకొని నేను జర ముందుకు జరిగిన.

కల్పన ఏమన్నదో నువ్వే చదువు. "అక్కడ ఏం పెట్టొద్దని ఇంటామె చెప్పింది సార్. 'నువ్వు ఎట్లన్న గీసుకో బిడ్డా, గోడ జరుపు, పొయ్యి జరుపు, నాకేం లేదు. గా కిటికీ కింది జాగ మాత్రం ముట్టకు. మా పెద్దది గాడనే గోడకు ఒరిగి చదువుకునేది. మగ్గం సప్పుడుకు పుస్తకం మీదనే నిద్రవోయేది. రేపు అది వస్తే యాడ కూసుంటది?' అన్నది సార్."

ఆ పెద్దది ఎవరో కల్పన చెప్పలే. నా దిక్కు చూడలే గూడ. పెద్ద సారు ఆ మూల మీదినుంచి వేలు తీసి, "అయితే ఉండనివ్వు" అన్నడు. అంతే. ఇప్పుడు హాల్ల గోడ మీద ఆమె బొమ్మలే ఉన్నయి. రోజు నేను వాటి ముందటినుంచే క్లాసుకు పోవాలె.

అమ్మా, కడుపుమంట తగ్గిందేమో అనుకుంటవ్. తగ్గలే, ఎక్కువైంది. మొన్నటిదాంక ఆమె పేరు చూసి కుళ్లుకున్న. ఇప్పుడు నీ పక్కన కూసొని ఆ మాట విన్నదని కుళ్లుకుంటున్న. నాకు ఎందుకు చెప్పలే అమ్మా ఎప్పుడు? నేను బస్సెక్కుతుంటే "పైసలు పైలం, వేళకు తిను" అంటవ్ గానీ, నా జాగ అట్లనే ఉంచిన అని ఒక్కసారన్న అనకపోతివి. బయటిపిల్లకు చెప్పినవ్. అది గూడ టేపు పట్టుకొని కొలుస్తుంటే చెప్పినవ్. ఇంకో సంగతి చెప్తే నవ్వుతవ్. ఆ మూలను కాగితం మీద అన్నిసార్లు చూసిన గదా, అది నేను కూసునే జాగనే అని నాకు ఎరుకవడలే. ఇండ్లు గీసుడు నేర్చుకుంటున్న అని చెప్పుకుంట ఊర్ల తిరుగుత!

ఇంక సంగతులేం లేవు. అవిసె కారం ఉంటే జర పంపు. కల్పనకు గూడ పంపు, ఈసారి సగం సగం ఇస్తా, ఒట్టు. పాత దుప్పటొకటి కావాలె, ఈడ రాత్రిళ్లు ఓనరమ్మ మిద్దె మీద పండుకుంటే తెల్లారంగ చలి పెడుతున్నది. నాయినకు, మేనత్తకు నా దండాలు చెప్పు. ముసలవ్వ కాళ్లు మొక్కిన అని చెప్పు. చెల్లెను నా ట్రంకుపెట్టె ముట్టొద్దను. నువ్వు నా గురించి రంది పెట్టుకోకు, నేను మంచిగనే ఉన్న, నిజంగనే. మీ దీవెనలుంటే వచ్చేసారి ఆ గోడ నాదే.

సెలవులియ్యంగనే వస్తున్న. కల్పన గూడ వస్త అంటున్నది, కాదనలేకపోయిన. వస్తే రానియ్యి. జొన్నరొట్టె పెట్టు, నూలు కండెలు చుట్టుడు నేర్పు, నీకు ఇష్టమున్నన్ని ముచ్చట్లు చెప్పు. గా కిటికీ కింద మాత్రం కూసోనియ్యకు.

నీ పెద్దది,
సరోజ